వీణ ధనమ్మాళ్ ఇంటి వంశవృక్షం: ప్రాజెక్టు డైరీ

చేస్తున్న పని ఇది: కర్ణాటక సంగీత విదుషి వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి వంశవృక్షాన్నీ, ఆ ఇంట్లో పాట చేతులు మారిన దారినీ ఒకే డేటాబేసులో పెట్టడం. తంజావూరు ఆస్థానంలో పాడి ఆడిన పాపమ్మాళ్ మొదలు, ధనమ్మాళ్ మనవరాలు, నర్తకి బాలసరస్వతి కూతురు లక్ష్మి వరకు. సాఫ్ట్‌వేర్ గ్రాంప్స్, వంశవృక్షాలు గీయడానికే చేసినది, డబ్బు కట్టక్కర్లేనిది. ఇప్పటికి 28 మంది ఎక్కారు. కుటుంబంలో 16 మంది, గురువులూ వాళ్ల గురువులూ 12 మంది.

తెలుగువాళ్లకు ఈ ఇంటితో ఏం పని అంటే, క్షేత్రయ్య పదాలు ఇవాళ మనం వినే రూపంలో బతికి ఉండడానికి పెద్ద కారణం ఈ ఆడవాళ్లే. ఊరు మద్రాసు, పేట జార్జిటౌన్, పాట తెలుగు. మొవ్వ గోపాలుడి మీద కట్టిన పదం కృష్ణా తీరం నుంచి కావేరి తీరానికి వెళ్లి, అక్కణ్ణించి ధనమ్మాళ్ వీణ మీదికి, మనవరాళ్ల గొంతుల్లోకి వచ్చింది. ఆ దారిని పేర్లతో, ఏళ్లతో గీసి చూపాలన్నదే ఉద్దేశం.

1వ వారం: వేరు ఎక్కడ పెట్టాలి

మొదట వంశవృక్షాలు గీసేవాళ్లు మామూలుగా వాడే అంకెల పద్ధతి పెట్టి చూశాం. అందులో మూలవ్యక్తికి 1. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. బాలసరస్వతికి 1 ఇస్తే జయమ్మాళ్‌కు 3, ధనమ్మాళ్‌కు 7, సుందరమ్మాళ్‌కు 15, కామాక్షికి 31 వచ్చాయి. అయిదు తరాలకు మొత్తం 31 గడులు. మనకు కావలసిన అయిదుగురూ ప్రతి వరసలోనూ చిట్టచివరి గడిలోకి పోయి కూర్చున్నారు. ఎ3 కాగితం మీద ముద్రిస్తే కుడి అంచున ఒక్క గీత, మిగతా కాగితమంతా బూడిదరంగు ఖాళీ గడులు. సంగీతంలో ఇంత స్పష్టంగా తరాలు తెలిసిన ఇళ్లు అరుదు. అలాంటి ఇంటిని ఈ పటం ఏమీ తెలియని ఇల్లులా చూపిస్తోంది. లోపం ఇంటిది కాదు, తండ్రి వైపు సగం కాగితాన్ని ముందే కేటాయించిన పద్ధతిది.

అందుకని పటాన్ని తిరగేశాం. కామాక్షిని పైన పెట్టి, కిందికి సంతానం గీసే నివేదిక తీశాం. కామాక్షి, ఆమె కూతురు సుందరమ్మాళ్, ఆమె కూతురు ధనమ్మాళ్. ధనమ్మాళ్‌కు నలుగురు కూతుళ్లు: రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. ఇప్పుడు పటం నిండుగా, చెట్టులాగే ఉంది. పాపమ్మాళ్‌ను మాత్రం ఎవరి తల్లి గడిలోనూ పెట్టకుండా, ‘పూర్వికురాలు’ అన్న సంబంధంతో చుక్కల గీత మీద కలిపాం. పై తరాలను ఊహించి గడులు నింపితే, ఆ ఊహ రెండేళ్లలో నాలుగు చోట్లకు నకలై, చివరికి మన దగ్గరికే ఆధారంగా తిరిగొస్తుంది.

ఆడవాళ్ల వరసలో వంశం చెప్పుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో అదే తంజావూరులో ముద్దుపళని తన కావ్యానికి అవతారిక రాస్తూ తన ఇంటి పూర్వికురాలు తంజనాయకిని తలచుకుంది, తన ఇంటి ఆడవాళ్ల పేర్లతో వంశం చెప్పింది. సాఫ్ట్‌వేరుకు తెలియని పద్ధతి పద్యానికి తెలుసు.

కింది తరాలకు అంకెలు: ధనమ్మాళ్ 1, కూతుళ్లు 1.1 నుంచి 1.4. మనవల దగ్గర ఈ అంకెలు ఆపేశాం. పసితనంలోనే పోయిన బిడ్డల వివరం ఏదైనా తర్వాత బయటపడితే 1.3.1 అనుకున్నవాళ్లు 1.3.2 అవుతారు, అప్పటిదాకా రాసిన నోట్సన్నీ తప్పుతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఐడీ మారదు కాబట్టి నోట్సులో అదే వాడుతున్నాం. చుక్కల అంకెలు అచ్చుకు మాత్రమే.

2వ, 3వ వారాలు: పేర్లు

రెండు వారాలు పేర్లకే పోయాయి. ఎవరైనా ఇలాంటి పని ఎత్తుకుంటే ఈ భాగానికే ఎక్కువ రోజులు కేటాయించుకోమని గట్టిగా చెబుతాం.

మొదటి చిక్కు ఇనీషియల్. ధనమ్మాళ్ మనవల్లో బృంద, ముక్త కామాక్షి కూతుళ్లు, బాలసరస్వతి, విశ్వనాథన్ జయమ్మాళ్ పిల్లలు. టి. బృంద, టి. ముక్త, టి. బాలసరస్వతి, టి. విశ్వనాథన్: ఈ ‘టి’ తంజావూరు. తండ్రి పేరూ కాదు, ఇంటిపేరూ కాదు. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు గడిలో ‘టి’ కొడితే మనవలంతా ఒక గుంపు, ‘టి’ లేకుండా ఎక్కిన ధనమ్మాళ్, జయమ్మాళ్ ఇంకో గుంపు అయ్యారు. గ్రాంప్స్‌లో ఇంటిపేరు పక్కనే దాని పుట్టుక చెప్పే చిన్న జాబితా ఉంటుంది: తండ్రి నుంచి వచ్చిందా, తల్లి నుంచా, వృత్తి నుంచా, స్థలం నుంచా అని. అక్కడ ‘స్థలం’ ఎంచుకుని, పేరును తంజావూరు అని పూర్తిగా రాయాలి. 

రెండోది ‘వీణ’. ఇది బిరుదు గడిలో ఉండాలి. ఇంటిపేరుగా కొట్టడంతో వీణ ధనమ్మాళ్, వీణ కుప్పయ్యర్ ఒకే వంశం కింద కలిసిపోయారు. కుప్పయ్యర్ త్యాగరాజస్వామి శిష్యుడు, ఈ ఇంటికి చుట్టం కాదు.

మూడోది ఒకే పేరు గల మనుషులు. ధనమ్మాళ్ అమ్మమ్మ కామాక్షి. ధనమ్మాళ్ చిన్న కూతురు కామాక్షి. పెద్దావిడ పేరు బిడ్డకు పెట్టుకోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే, ఇంతవరకు తికమక లేదు. కానీ బృంద, ముక్తలకు గురువైన కాంచీపురం నాయనా పిళ్లై తల్లి పేరూ కామాక్షే. ఆవిడ అక్కచెల్లెళ్లలో ఒకరు ధనకోటి అమ్మాళ్, గాయని. అంటే ఒకవైపు ధనం, కామాక్షి. ఇంకోవైపు ధనకోటి, కామాక్షి. అందరూ కాంచీపురానికో మద్రాసుకో చెందినవాళ్లే, అందరూ సంగీతంలోనే ఉన్నారు. వెతికినప్పుడు ఇద్దరు కామాక్షులను ‘ఒకరే కావచ్చు’ అని సాఫ్ట్‌వేర్ కలపమంటుంది. ‘కలుపు’ నొక్కితే బృంద తల్లే బృంద గురువుకూ తల్లి అవుతుంది. ముగ్గురు కామాక్షులకూ పేరు పక్కన గుర్తు పెట్టాం: ‘ధనమ్మాళ్ అమ్మమ్మ’, ‘ధనమ్మాళ్ కూతురు’, ‘నాయనా పిళ్లై తల్లి’. కలిపే సూచనలు ఆపేశాం.

సుబ్బరాయలు కూడా ఇద్దరున్నారు. సుందరమ్మాళ్‌కు నేర్పిన సుబ్బరాయ శాస్త్రి శ్యామశాస్త్రి కొడుకు. ధనమ్మాళ్ కాలంలో జావళీలు (చిన్న శృంగార గీతాలు) కట్టిన ధర్మపురి సుబ్బరాయరు వేరు. ‘త్యాగయ్య’ అని ఒంటిగా కనిపిస్తే తిరువయ్యారు త్యాగరాజస్వామా, తిరువొత్తియూరు త్యాగయ్యా (1845–1917) అని ఆగి చూసుకోవాలి. రెండోవారు వీణ కుప్పయ్యర్ కొడుకు, త్యాగరాజస్వామి పేరే పెట్టుకున్నవారు.

నాలుగోది లిపి. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, బ లకూ అంతే. తమిళ కాగితాల్లోంచి ఇంగ్లిషులోకి వెళ్లిన పేరు ఒకచోట ‘ధ’తో, ఇంకోచోట ‘త’తో మొదలవుతుంది. జాబితాల్లో డి అక్షరం కింద వెతికి లేదని వదిలేస్తే నష్టమే, టి కింద కూడా చూడాలి. బృందను ‘పిరుంద’గా, బాలను ‘పాల’గా కూడా వెతికాం. ప్రతి మనిషికీ ప్రత్యామ్నాయ పేర్ల గడిలో ఈ రూపాలన్నీ ఎక్కించాం. ధనమ్మాళ్‌కు ఆరు రూపాలు అయ్యాయి.

అయిదోది కంటికి కనబడదు. ‘ధనమ్మాళ్’ చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి, తర్వాతి మాటతో పొల్లు అతుక్కోకుండా. యూనికోడులో దాని సంఖ్య 200సి. అది ఉన్న ధనమ్మాళ్, లేని ధనమ్మాళ్ తెర మీద ఒక్కలాగే ఉంటారు, వెతుకులాటలో మాత్రం ఇద్దరు. ‘అమ్మాళ్’ అన్న ముగింపు ఉన్న ప్రతి పేరుకూ ఇదే ఇబ్బంది. డేటాను ఎగుమతి చేసి, టెక్స్టు ఎడిటర్లో ఆ అక్షరాన్ని పేర్ల చివర నుంచి తుడిచి, మళ్లీ దిగుమతి చేశాం. ఆ పనికి ముందు బ్యాకప్ తప్పనిసరి. మాట మధ్యలో ఉన్నవాటిని తుడిస్తే ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు ఒత్తులై చెదురుతాయి.

4వ వారం: ఏళ్లు

ధనమ్మాళ్ పుట్టిన ఏడు 1867. తెలుగు, తమిళ ఏళ్ల లెక్కలో అది ప్రభవ. ప్రభవ 1867 వసంతంలో మొదలై 1868 వసంతంలో ముగుస్తుంది. సంవత్సరం పేరు ఒక్కటే దొరికిన సందర్భాల్లో ఇంగ్లిషు ఏడు రెండింటిలో ఏదైనా కావచ్చు. సాఫ్ట్‌వేర్లో ఒక్క ఏడు కొట్టకుండా ‘1867 నుంచి 1868 మధ్య’ అన్న రూపం వాడాలి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి ప్రభవ అంటే 1807, 1867, 1927 మూడూ అవుతాయి. బాలసరస్వతి పుట్టిన 1918 కాళయుక్తి, 1858 కూడా కాళయుక్తే. ఇది అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టే ఇళ్లలో నిజంగా ప్రమాదం: పేరూ ఒకటే, సంవత్సరం పేరూ ఒకటే అయితే తరం తరమే మారిపోతుంది. తల్లి వయసుతో సరిచూడడమే విరుగుడు. తల్లికి పన్నెండేళ్ల లోపు గాని, యాభై దాటాక గాని బిడ్డ పుట్టినట్టు వస్తే ఎర్ర గుర్తు పెట్టమని నియమం రాశాం.

వారాలతో కూడా సరిచూశాం. ధనమ్మాళ్ పోయిన 1938 అక్టోబరు 15 శనివారం. బాలసరస్వతి పుట్టిన 1918 మే 13 సోమవారం, పోయిన 1984 ఫిబ్రవరి 9 గురువారం. వారం పేరుతో వచ్చే ఏ తేదీనైనా ముందు ఇలా లెక్క కట్టి చూసుకుంటే సగం అచ్చుతప్పులు అక్కడే పట్టుబడతాయి.

‘డెబ్బయి అయిదో ఏట’ అంటే నిండినవి డెబ్బయి నాలుగే. పాత రాతల్లో ‘ఏట’, ‘ఏళ్లకు’ అన్న రెండు మాటలకూ తేడా ఉంది. ఎక్కించేటప్పుడు మాటను ఉన్నదున్నట్టు నోట్సులో పెట్టి, లెక్క కట్టిన ఏడును ‘లెక్కించినది’ అన్న గుర్తుతో వేరే గడిలో వేస్తున్నాం.

గట్టి మేకులు కొన్ని బిరుదుల జాబితాల నుంచి వచ్చాయి. మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి బాలసరస్వతికి 1973లో, బృందకు 1976లో, విశ్వనాథన్‌కు 1988లో. బాలసరస్వతికి పద్మవిభూషణ్ 1977లో.

పేట పేరు కూడా ఏడుతో ముడిపడినదే. జార్జిటౌన్ అన్న పేరు అయిదో జార్జి మీద వచ్చింది. అంతకు ముందు కాగితాల్లో అది బ్లాక్‌టౌన్. ధనమ్మాళ్ బాల్యం గురించిన పత్రాలు వెతికేవాళ్లు ఆ పేరుతోనే వెతకాలి. ఇళ్లకు పాత నంబరు, కొత్త నంబరు అని రెండేసి ఉంటాయి, చిరునామా దొరికితే ఏది ఏదో గుర్తించి రెండూ రాసుకోవాలి. జనగణనతో ఆశ పెట్టుకోనక్కర్లేదు. 1871 నుంచి అచ్చయినవి లెక్కల పట్టికలు, వాటిలో ఇంటింటి పేర్లుండవు.

తండ్రి గడి

దీని మీద నియమం ఒక్కటే: కుటుంబంవాళ్లే అచ్చులో చెప్పిన పేరు తప్ప ఇంకేదీ రాయం. కళే వృత్తిగా, ఆడవాళ్ల ద్వారా ఆస్తీ పేరూ నడిచిన ఇళ్లలో తండ్రి గడి ఖాళీగా ఉండడం లోటు కాదు. దాన్ని పోషకుల పేర్లతో, ఊరి పుకార్లతో నింపిన వంశవృక్షాలు చూస్తే బాధ కలుగుతుంది. వాటిలో విద్వత్తు గల ఆడమనిషి ఎవరో జమీందారుకు అడుగు సూచికగా మిగులుతుంది.

మాటల విషయంలోనూ అంతే జాగ్రత్త. ఇలాంటి ఇళ్లవాళ్లకు కళావంతులు అన్నది తెలుగు నాట మాట, ఇసై వేళాళర్ తమిళనాట 20వ శతాబ్దంలో స్థిరపడిన మాట. ఒకదాని బదులు ఇంకోటి రాయకూడదు. దేవదాసిగా దేవుడికి సమర్పణ జరిగిందని ఎవరి విషయంలోనైనా ఆధారం ఉంటే దాన్ని ‘పెళ్లి’ అన్న సంఘటన కింద వేయకూడదు, సొంతంగా ఒక సంఘటన రకం తయారుచేసుకోవాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ పేరులేని భర్తను సృష్టిస్తుంది. 1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చుట్టుపక్కల కాలంలో చాలా ఇళ్లు పేర్లూ చిరునామాలూ మార్చుకున్నాయి కాబట్టి, ఆ ఏడుకు ముందూ వెనకా పత్రాల్లో పేరు రూపం మారితే అది ఇంకో మనిషి అని తొందరపడకూడదు.

బతికి ఉన్నవాళ్లను ఎక్కించలేదు.

5వ వారం నుంచి 8వ వారం దాకా: పాఠం గీత

అసలు పని ఇది. ఈ ఇంట్లో వారసత్వం అంటే ఇల్లూ నగా కాదు, పాఠాంతరం. ఏ పదాన్ని ఎవరి దగ్గర, ఏ మలుపులతో నేర్చుకున్నారన్నది. అందుకని రక్తసంబంధం నల్ల గీత, పాఠం ఎర్ర గీత అని రెండు పొరలు వేశాం.

ధనమ్మాళ్ దగ్గరికి చేరే ఎర్ర గీతలు: తల్లి సుందరమ్మాళ్, ఆమెకు పైన సుబ్బరాయ శాస్త్రి (1803–1862), ఆయనకు పైన శ్యామశాస్త్రి. దీక్షితుల కృతులకు సాత్తనూరు పంచనద అయ్యర్. క్షేత్రయ్య పదాలకు వాలాజాపేట బాలకృష్ణదాసు, చూపులేని విద్వాంసుడు, పదాల బాలదాసు అనే పిలిచేవారు. తిరువొత్తియూరు త్యాగయ్య, ఆయనకు పైన వీణ కుప్పయ్యర్, ఆ పైన త్యాగరాజస్వామి. జావళీలకు ధర్మపురి సుబ్బరాయరు. కిందికి దిగితే బృంద, ముక్తలకు తల్లి కామాక్షి, నాయనా పిళ్లై. బాలసరస్వతికి పాటలో తల్లి జయమ్మాళ్, నాట్యంలో తంజావూరు సోదరుల వంశానికి చెందిన కందప్ప పిళ్లై. వేణువు వాయించిన విశ్వనాథన్‌కు తిరుప్పాంబురం స్వామినాథ పిళ్లై. మృదంగం రంగనాథన్‌కు పళని సుబ్రహ్మణ్య పిళ్లై. బాలసరస్వతి తమ్ముళ్లైన ఈ ఇద్దరూ తర్వాత అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు, ఎర్ర గీత సముద్రం దాటింది.

గీత గీసే ముందు తేదీలు అడ్డుపెట్టి చూడాలి. సుబ్బరాయ శాస్త్రి 1862లో పోయారు, ధనమ్మాళ్ పుట్టింది 1867లో. ఆమెను నేరుగా ఆయన కింద పెట్టడం కుదరదు, మధ్యలో తల్లి ఉండి తీరాలి. తల్లి పేరు మింగేసి గురువు పేరు నిలబెట్టే అలవాటు సంగీత చరిత్రల్లో ఎంత పాతుకుపోయిందో ఈ ఒక్క పరీక్షతో తెలుస్తుంది.

గ్రాంప్స్‌లో గురుశిష్య సంబంధాన్ని ‘అసోసియేషన్’ గడిలో వేస్తాం. అది ఒకవైపు మాత్రమే నమోదవుతుంది. ఎప్పుడూ శిష్యుల వైపు నుంచి గురువుకు వేయాలని ముందే నిర్ణయించుకోవాలి. మొదటి రోజుల్లో రెండువైపులా వేయడంతో గీతలు రెండేసి వచ్చాయి, విడదీయడానికి ఒక పూట పట్టింది. జయమ్మాళ్, బాలసరస్వతి లాంటి జంటలకు తల్లీకూతుళ్ల బంధంతో పాటు గురుశిష్య బంధాన్ని విడిగా వేయాలి. తల్లి కదా, అదే వస్తుందిలే అని వదిలితే ఎర్ర గీత తెగిపోతుంది.

ఇంకో దెబ్బ: జెడ్‌కామ్ ఫైలుగా (వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి పంపే రూపం) తీసి వేరే వంశవృక్షాల సైటుకు ఎక్కిస్తే చాలా చోట్ల అసోసియేషన్లు రాలిపోతాయి. అక్కడ ధనమ్మాళ్ గురువులు లేని మనిషి అయింది. ఇప్పుడు గురుశిష్యుల పట్టికను విడిగా సీఎస్‌వీ ఫైలుగా కూడా దాస్తున్నాం. నాలుగే నిలువు వరసలు: శిష్యుల ఐడీ, గురువు ఐడీ, ఏం నేర్చుకున్నారు, ఆధారం.

ఎర్ర గీతకు సాక్ష్యం పాటే. పరీక్షకు నాలుగు తీసుకున్నాం: సహానలో ‘మొగడొచ్చి’, భైరవిలో ‘రామరామ ప్రాణసఖి’, నాదనామక్రియలో ‘పయ్యెద’, ఈ మూడూ క్షేత్రయ్యవి, ఫరజులో ‘స్మరసుందరాంగుని’, ధర్మపురి సుబ్బరాయరు జావళి. జావళిని చేర్చడానికి కారణం ఉంది. కట్టినాయన ధనమ్మాళ్ కాలంవాడు. నోటికీ చెవికీ మధ్య దూరం తక్కువ కాబట్టి మార్పులు ఎక్కడ మొదలయ్యాయో తేలిగ్గా చూడొచ్చు.

ఒక్కో గాయని పాడినదానికి ఒక్కో పేజీ: రాగం, తాళం, ఎత్తుగడ, పాడిన చరణాల సంఖ్య, మువ్వగోపాల ముద్ర ఏ భాగంలో వచ్చింది, మాటల రూపాలు. ఎత్తుగడ గడి ముఖ్యం. క్షేత్రయ్య పదాలను అనుపల్లవితో ఎత్తుకుని తర్వాత పల్లవికి రావడం సంప్రదాయం. దాంతో ఒకే పదం ఒక జాబితాలో పల్లవి మాటతో, ఇంకో జాబితాలో అనుపల్లవి మాటతో ఉంటుంది. రెండు పదాలు అనుకుని లెక్కిస్తే ఇంటి పాటల సంఖ్య ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

మాటలను దిద్దకూడదు. తమిళ లిపిలో రాసుకున్న తెలుగు పదంలో ద, ధ తేడా పోతుంది. అచ్చు పుస్తకాల్లో అక్షరం మీద 2, 3, 4 అంకెలు వేసి ఆ తేడా చూపిస్తారు, చేతి రాతలో చాలాసార్లు అవి ఉండవు. పాడినప్పుడు వచ్చిన ఉచ్చారణను తెలుగు చెవి వెంటనే సరిచేసుకుంటుంది, చెయ్యి సరిచేసి రాసేస్తుంది. అలా రాస్తే ఇద్దరు గాయనులు ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారని చూపించే గుర్తే చెరిగిపోతుంది. ఇద్దరూ ఒకేచోట ఒకే రకంగా మాట పలికితే అది పాఠం గీతకు మంచి సాక్ష్యం. విన్నది విన్నట్టు ఒక వరస, నిఘంటువు రూపం పక్కన ఇంకో వరస, అంతే.

ధ్వని

ధనమ్మాళ్ వీణ 1930లలో గ్రామఫోను రికార్డుల మీదికి ఎక్కింది. పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. విలంబకాలంలో పదం అందులో పట్టదు. కాబట్టి రికార్డులో ఒకే చరణం ఉందంటే ఇంటి పాఠంలో ఒకే చరణం ఉందని అర్థం కాదు. ఈ మాట ప్రతి పేజీ పైనా రాసి పెట్టాం.

రికార్డు నుంచి కంప్యూటర్‌లోకి తీసేటప్పుడు ఎల్పీ ముల్లు వాడొద్దు. దాని మొన సుమారు 25 మైక్రాన్లు, 78 రికార్డు గాడికి సుమారు 70 కావాలి. సన్న ముల్లు గాడి అడుగున మట్టిలో దొర్లి గరగర తెస్తుంది, గాడినీ కోస్తుంది. వేగం తేడా ఇంకా మోసం చేస్తుంది. 76తో తిప్పాల్సినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పెరుగుతుంది. ‘ఆవిడ శ్రుతి ఇది’ అని ఒకే నకలు విని రాయకూడదు. మూల నకలు 24 బిట్ల వేవ్ ఫైలుగా, గరగర తీయకుండా దాచాలి. శుభ్రం చేసినది రెండో నకలు. గమకంలో సన్నని జారును శబ్దం తీసే ఫిల్టరు గరగర అనుకుని నాకేస్తుంది, ఈ వీణకు అదే ప్రాణం.

అచ్చు

పటాన్ని గడులూ గీతలూ గీసే సాఫ్ట్‌వేరు గ్రాఫ్‌విజ్‌తో తీస్తున్నాం. తెలుగు ఫాంటు పేరు స్పష్టంగా ఇవ్వకపోతే గడి కొలత ఇంగ్లిషు అక్షరాలకు లెక్క కట్టి, పేరు గీత దాటి పోతోంది. నోటో సాన్స్ తెలుగు ఇచ్చాక కుదురుకుంది. ఎస్‌వీజీగా తీసి ఎ2 కాగితం మీద వేస్తే 28 పేర్లూ రెండు రంగుల గీతలూ చదవడానికి వీలుగా ఉన్నాయి.

వచ్చే వారం పని

లక్ష్మీరత్నం కొడుకు శంకరన్, కామాక్షి మూడో కూతురు అభిరామసుందరి పేజీలకు పాఠం గీతలు పూర్తి చేయాలి. అభిరామసుందరి వయొలిన్ కాబట్టి ఎత్తుగడ పట్టికలో మాటల వరస ఖాళీగా ఉంటుంది, ఆమెకూ విశ్వనాథన్ వేణువుకూ సంగతుల వరస అని కొత్త గడి చేర్చాలి. తర్వాత ‘మొగడొచ్చి’ పేజీలను పక్కపక్కన పెట్టి, మొదటి ఆవర్తం నుంచి మాట మాటగా పోల్చడం మొదలు.